ముందే కట్టిన కరెంటు డబ్బుకి వడ్డీ ఎవరిది?

మా మేనల్లుడు ఇంగ్లండులో ఉంటాడు. పోయిన సెప్టెంబరులో ఫోన్ చేసినప్పుడు మాటల మధ్యలో, "కరెంటు కంపెనీ దగ్గర నా డబ్బు 310 పౌండ్లు జమ ఉంది మామయ్యా, చలికాలానికి పనికొస్తుంది" అన్నాడు.

"నీ డబ్బు వాళ్ల దగ్గర ఎందుకుంది రా?" అన్నాను.

"ఇక్కడ అంతే మామయ్యా. నెలనెలా బ్యాంకు నుంచి ఒకే మొత్తం దానంతట అదే పోతుంది. వేసవిలో తక్కువ వాడతాం కదా, మిగిలింది అలా పేరుకుంటుంది."

"మరి వడ్డీ ఎంత ఇస్తారు?"

పగలబడి నవ్వాడు. "వడ్డీ ఏంటి మామయ్యా, అదేమన్నా బ్యాంకా!"

నవ్వితే నవ్వాడు గానీ నాకు ఆ ప్రశ్న పోలేదు. మీరే చెప్పండి. మనం ఎరువుల కొట్లో అరువు పెడితే నూటికి రెండు రూపాయల వడ్డీ. పంట రాగానే మొదట వాడి లెక్కే తేల్చాలి. అక్కడేమో జనం కరెంటు వాడకముందే డబ్బు కంపెనీ చేతిలో పెట్టి, వడ్డీ మాటెత్తితే నవ్వుతున్నారు. ఈ ఏర్పాటు ఎప్పుడు, ఎలా మొదలైందా అని వెతుక్కుంటూ పోతే నూట ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లాల్సి వచ్చింది. తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాను. కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి. చివర్లో మన మీటరు దగ్గరికే వస్తాను.

మొదట అక్కడ కరెంటు కాదు, గ్యాస్. బొగ్గు నుంచి తీసిన గ్యాసును గొట్టాల్లో ఇళ్లకు పంపేవాళ్లు. దీపానికీ పొయ్యికీ అదే. బిల్లు మూడు నెలలకోసారి. అంటే ముందు వాడుకుని తర్వాత కట్టడం. వారం కూలీ మీద బతికే ఇంట్లో మూడు నెలల బిల్లు ఒక్కసారి ఎవరు కట్టగలరు? అందుకే కంపెనీలు పేదల ఇళ్లకు చాలాకాలం గ్యాసే ఇవ్వలేదు. 1880ల చివర్లో నాణెం వేస్తే గ్యాస్ వదిలే మీటరు వచ్చింది. లండన్‌లో సౌత్ మెట్రోపాలిటన్ గ్యాస్ కంపెనీ 1892లో కూలీల ఇళ్లకు ఆ మీటర్లు పెట్టడం మొదలుపెట్టింది. ఒక పెన్నీ వేస్తే దానికి సరిపడా గ్యాస్ వస్తుంది. అయిపోతే మళ్లీ పెన్నీ. ఇప్పుడు మన ఫోన్ రీచార్జి లాంటిదే.

ఇందులో ఒక సంగతి నాకు బాగా నచ్చింది. నాణెం మీటరును అసలు ధర కంటే కాస్త ఎక్కువ రేటుకు బిగించేవాళ్లు. కొన్నాళ్లకోసారి కంపెనీ మనిషి వచ్చి, పెట్టె తాళం తీసి, నాణేలన్నీ వంటింటి బల్ల మీద కుమ్మరించేవాడు. కుప్పలు పెట్టి లెక్కపెట్టేవాడు. మీటరు అంకె చూసి అసలు బిల్లు ఎంతో చెప్పి, ఎక్కువ పడిన నాణేలను అక్కడికక్కడే ఇంటావిడ చేతికి తిరిగిచ్చేవాడు. ఆ రోజు పిల్లలకు పండగే. 1950లు, 60ల్లో అక్కడ పెరిగినవాళ్లు చాలామంది ఇప్పటికీ ఆ బల్ల మీది చిల్లర కుప్పల గురించి చెప్పుకుంటారు.

రేటు ఎక్కువే, ముందే కట్టాల్సిందే, వడ్డీ అప్పుడూ లేదు. కాకపోతే లెక్క కళ్లముందు తేలిపోయేది. ఎక్కువ తీసుకున్నది ఎంతో, తిరిగిచ్చింది ఎంతో చదువు రాని ముసలామెకు కూడా కనపడేది. ఈ బల్లని గుర్తుపెట్టుకోండి.

రెండో ప్రపంచయుద్ధం అయ్యాక అక్కడి ప్రభుత్వం 1948లో కరెంటునీ, 1949లో గ్యాసునీ జాతీయం చేసింది. మామూలు ఇళ్లకు మూడు నెలల బిల్లే కొనసాగింది. బిల్లు ఒక్కసారిగా మీద పడకుండా కొందరు కరెంటు ఆఫీసుల్లో స్టాంపులు కొని కార్డు మీద అంటించుకునేవాళ్లు. బిల్లు రాగానే ఆ కార్డు ఇచ్చేసేవాళ్లు. స్టాంపు రూపంలో డబ్బు ముందే బోర్డుకి పోయేది. దానికీ వడ్డీ లేదు. కానీ స్టాంపు కొనాలా వద్దా, ఎన్ని కొనాలి అన్నది కొనేవాడి ఇష్టం.

ఇక డైరెక్ట్ డెబిట్. మన బ్యాంకు ఖాతాలోంచి ఎంత తీసుకోవాలో, ఎప్పుడు తీసుకోవాలో అవతలివాడే నిర్ణయించి తీసుకునేలా మనం ఒకసారి సంతకం పెట్టి ఇచ్చే అనుమతి అది. ఈ ఆలోచన కరెంటు కోసం పుట్టలేదు, ఐస్‌క్రీమ్ కోసం పుట్టింది! 1964లో యూనిలీవర్ కంపెనీలో పనిచేసే డెన్నిస్ గ్లాడ్‌వెల్ అనే ఆయన, ఐస్‌క్రీమ్ అమ్మే చిల్లర దుకాణాల నుంచి డబ్బు తేలిగ్గా వసూలు చేసుకోవడానికి దీన్ని ముందుకు తెచ్చాడు. మొదట్లో కాగితాల మీద నడిచింది. 1968లో బ్యాంకులన్నీ కలిసి ఉమ్మడి కంప్యూటర్ కేంద్రం పెట్టుకోవడంతో ఊపందుకుంది. ఆ తర్వాత ఇళ్ల అద్దెలు, బీమాలు, కరెంటు, గ్యాస్ అన్నీ ఇందులోకి వచ్చాయి.

కంపెనీకి దీనివల్ల లాభమేంటో చెప్పక్కర్లేదు. బిల్లు పంపి ఎదురుచూడక్కర్లేదు, మొండి బాకీలు తక్కువ. అందుకే ఇలా కట్టేవాళ్లకు ధర కాస్త తగ్గించారు. ఇప్పటికీ అక్కడ ప్రభుత్వ నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ పెట్టే ధరల గరిష్ఠ పరిమితిలో, బిల్లు వచ్చాక కట్టేవాళ్ల కంటే డైరెక్ట్ డెబిట్ వాళ్లకు రేటు తక్కువ. "ఆ తగ్గింపే మీ వడ్డీ" అని కంపెనీలు అంటాయి. అందులో కొంత నిజం ఉంది.

ఇప్పుడు జమ ఎలా పేరుకుంటుందో చూద్దాం. అక్కడ ఖర్చంతా చలికాలంలోనే. ఇల్లు వెచ్చగా ఉంచుకోవడానికి గ్యాస్ మండుతూనే ఉండాలి. ఏడాది మొత్తం వాడకాన్ని అంచనా వేసి, పన్నెండుతో భాగించి, ప్రతినెలా అంతే తీసుకుంటారు. ఏప్రిల్లో చేరినవాడికి వేసవంతా జమ పెరిగి చలికాలంలో కరిగిపోతుంది. అక్టోబరులో చేరినవాడు ముందు బాకీ పడతాడు, వేసవిలో తీరుస్తాడు. ఆ బాకీ మీద కంపెనీ కూడా వడ్డీ వేయదు. ఇంతవరకు ధర్మంగానే ఉంది. మన ఊళ్లో చేబదులు ఇచ్చిపుచ్చుకున్నట్టే.

అంచనా ఎప్పుడూ కాస్త ఎక్కువ వైపే ఉంటే మాత్రం లెక్క మారుతుంది. చలికాలం గడిచి వసంతం వచ్చినా ఖాతాలో నూరో, రెండు వందలో పౌండ్లు మిగిలే ఉంటాయి. అడిగితే తిరిగివ్వాలని నిబంధన ఉంది, నిజమే. కానీ అడిగేదెవరు? మా వాడి లాగే "ఉంటే ఉందిలే" అనుకునేవాళ్లే ఎక్కువ. బల్ల మీద నాణేలు కుమ్మరించే మనిషి లేడు కదా! 2021లో ఆఫ్‌జెమ్ వేసిన అంచనా ప్రకారం, అవసరానికి మించి కంపెనీల దగ్గర ఉన్న జనం డబ్బు సుమారు 140 కోట్ల పౌండ్లు. ఇంటికి సగటున 65 పౌండ్లు.

ఇది చిన్న మొత్తమే కదా అనిపిస్తుంది. కంపెనీ వైపు నుంచి చూస్తే చిన్నది కాదు.

గ్యాసును 1986లో ప్రైవేటు చేశారు. కరెంటు పంపిణీ సంస్థలను 1990లో అమ్మేశారు. 1990ల చివరికల్లా ఏ ఇంటివాళ్లయినా తమకు నచ్చిన కంపెనీ నుంచి కొనుక్కోవచ్చన్నారు. తీగలు అవే, గొట్టాలు అవే, బిల్లు పంపేవాడు మాత్రం మారతాడు. 2010 తర్వాత కొత్త కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి. 2018 నాటికి వాటి సంఖ్య 70 దాటింది. బ్యాంకు అప్పు ఇవ్వాలంటే ఆస్తి చూపించమంటుంది. కస్టమర్ ఏమీ అడగడు. తక్కువ రేటు చూపించి చేర్చుకుని, మొదటి నెల డబ్బు ముందే తీసుకుంటే పెట్టుబడి చేతికొచ్చినట్టే. పైగా అది వడ్డీలేని పెట్టుబడి.

అప్పుడే ఒక కంపెనీ వేరే దారి పట్టింది. 2009లో మొదలైన ఓవో ఎనర్జీ, ఖాతాలో ఉన్న జమ మీద వడ్డీ ఇస్తామని ముందుకొచ్చింది. మొదటి ఏడాది 3 శాతం, రెండో ఏడాది 4, మూడో ఏడాది నుంచి 5. మన లెక్కలో చెప్పాలంటే నెలకు నూటికి పావలా నుంచి నలభై పైసల పైచిలుకు. మనకు నవ్వులాట గానీ, ఆ రోజుల్లో అక్కడి బ్యాంకులు ఇచ్చేదాని కంటే అది చాలా ఎక్కువ. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 2009 మార్చిలో తన రేటును అర శాతానికి దించేసింది, ఏళ్ల తరబడి ఆ దరిదాపుల్లోనే ఉంచింది. కస్టమర్లు మానకుండా ఉండటానికి వేసిన ఎత్తు అనుకోండి, ఇంకేమన్నా అనుకోండి, "ఇది మీ డబ్బు, మా దగ్గర ఉంది కాబట్టి వడ్డీ ఇస్తాం" అని ఒప్పుకున్నారు కదా. నాకు అది ముఖ్యంగా కనిపించింది.

మిగతావాళ్లు ఎందుకు ఇవ్వలేదంటే, అడిగినవాళ్లు లేరు. రేటు సున్నాకు దగ్గరగా ఉన్నప్పుడు వడ్డీ పోయినా తెలియదు. లెక్క చూడండి. 2020 మార్చిలో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రేటు 0.1 శాతం. ఆ రేటున 140 కోట్ల పౌండ్లకు ఏడాది వడ్డీ 14 లక్షల పౌండ్లు. 2023 ఆగస్టు నాటికి రేటు 5.25 శాతం అయింది. అదే సొమ్ముకి అప్పుడు వడ్డీ 7 కోట్ల 35 లక్షలు. సొమ్ము మారలేదు, ఖాతాదారులు మారలేదు, దాని మీది ఫలితం మాత్రం యాభై రెట్లు పెరిగింది. ఇంటికి చూస్తే మూడు పౌండ్ల చిల్లరే. అందరి చిల్లరా ఒకచోట పోగైతే అంతవుతుంది.

వడ్డీ మాట అలా ఉంచండి. అసలుకే ఎసరొచ్చిన రోజు ఒకటి వచ్చింది.

2021 రెండో సగంలో యూరప్ అంతా గ్యాస్ టోకు ధర కొండెక్కింది. ముందే సరుకు కొని పెట్టుకోని కంపెనీలు వరసగా కూలిపోయాయి. 2021 జులై నుంచి ఏడాది తిరక్కుండానే 28 కంపెనీలు పోయాయి. ఇవి కాక, 15 లక్షలకు పైగా ఇళ్లున్న బల్బ్ అనే పెద్ద కంపెనీని నవంబరులో ప్రభుత్వమే డబ్బు పెట్టి నడపాల్సి వచ్చింది. మరి ఆ ఖాతాల్లో జనం ముందే కట్టిన డబ్బు? కూలిన కంపెనీలు అప్పటికే వాడేసుకున్నాయి. వేరుగా దాచిపెట్టమని నిబంధన లేదు కాబట్టి అది నేరం కూడా కాదు.

కస్టమర్లకు మాత్రం ఒక్క పౌండు నష్టం రాలేదు. ఆఫ్‌జెమ్ ఆ ఇళ్లన్నిటినీ వేరే కంపెనీలకు అప్పగించింది, జమ ఉన్నది ఉన్నట్టు కొత్త ఖాతాలోకి వచ్చింది. బాగానే ఉందే అనుకుంటున్నారా? ఆ లోటు ఎవరో ఒకరు పూడ్చాలి కదా. దాన్ని దేశంలో అందరి బిల్లుల మీదా వేశారు. అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2022 జూన్‌లో తేల్చిన లెక్క ప్రకారం, ఆ 28 కంపెనీలు కూలినందుకు అయిన మొత్తం భారం 270 కోట్ల పౌండ్లు, ఇంటికి సుమారు 94 పౌండ్లు. ఇందులో సింహభాగం ఆ ఇళ్లకు కొత్తగా గ్యాస్, కరెంటు ఎక్కువ ధరకు కొన్న ఖర్చు. జనం జమల లోటూ అందులో ఉంది. పాత కంపెనీని నమ్ముకుని జాగ్రత్తగా బతికిన ముసలి దంపతులు కూడా, తామెన్నడూ పేరు వినని కంపెనీ చేసిన జూదానికి కట్టారు.

అప్పుడు మేలుకున్నారు. జనం జమ చేసిన డబ్బును ముట్టుకోకుండా వేరే ఖాతాలో ఉంచాలని 2022లో ఆఫ్‌జెమ్ ప్రతిపాదించింది. బ్రిటిష్ గ్యాస్‌ను నడిపే సెంట్రికా "మేం ఇప్పటికే వేరుగా పెట్టాం, అందరూ పెట్టాలి" అంది. కొన్ని కంపెనీలు ఒప్పుకోలేదు. వాళ్ల వాదన ఇది: ఆ డబ్బు వాడుకోనివ్వకపోతే దాని బదులు బయట వడ్డీకి అప్పు తేవాలి, ఆ వడ్డీ చివరికి బిల్లులోనే పడుతుంది. ఆ ఏడాది చివరికి ఆఫ్‌జెమ్ కూడా, ఖర్చు చూసుకుని, అందరికీ తప్పనిసరి చేయలేదు. 2023లో మధ్యేమార్గం పట్టింది. కరెంటు, గ్యాస్ రెండూ తీసుకునే ఒక్కో ఇంటికి 115 పౌండ్ల చొప్పున 2025 మార్చి ఆఖరుకల్లా సొంత మూలధనం ఉండాలంది. అది లేని కంపెనీని జనం డబ్బు వేరుగా పెట్టమని ఆదేశించే అధికారం తన దగ్గర ఉంచుకుంది.

ఆ కంపెనీల వాదన ఇంకోసారి చదవండి. "ఈ డబ్బు లేకపోతే వడ్డీకి తెచ్చుకోవాలి." అంటే వడ్డీకి తెచ్చే అప్పు చేసే పనే ఈ డబ్బు చేస్తోందని వాళ్లే చెప్తున్నారు. మరి అది అప్పే కదా! మా మేనల్లుడు ఇచ్చిన అప్పు. పత్రం లేదు, గడువు లేదు, వడ్డీ లేదు. ఇచ్చినట్టు ఇచ్చినవాడికే తెలియదు. తగ్గింపు రేటే వడ్డీ అంటే, అది 20 పౌండ్లు జమ ఉన్నవాడికీ 400 ఉన్నవాడికీ ఒకేలా ఉంది. ఎక్కువ అప్పిచ్చినవాడికి ఎక్కువ రాని వడ్డీని వడ్డీ అని ఎలా అనగలం?

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఇదే ప్రశ్న మన ఆంధ్రప్రదేశ్ నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మన దగ్గర ముందే కట్టేది నెలవారీ జమ కాదు, వినియోగ డిపాజిట్. మీరు కనెక్షన్ తీసుకున్నప్పుడు కట్టేది, వాడకం పెరిగితే ఏసీడీ పేరుతో మళ్లీ అడిగేది అదే. ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషన్ అనే సంస్థకీ రాష్ట్ర విద్యుత్ బోర్డుకీ మధ్య నడిచిన కేసులో 1993లో తీర్పు వచ్చింది. ఆ డిపాజిట్ మీద వడ్డీ ఇచ్చి తీరాలన్న బాధ్యత బోర్డుకు లేదంది కోర్టు. కారణం మనకు అర్థమయ్యేదే: బోర్డు ముందు కరెంటు ఇస్తుంది, డబ్బు తర్వాత వస్తుంది. ఆ అరువుకి హామీగా పెట్టుకున్న సొమ్ము అది, లాభానికి పెట్టిన డిపాజిట్ కాదు.

పదేళ్లకు పార్లమెంటు ఆ లెక్క మార్చింది. 2003 విద్యుత్ చట్టం 47వ సెక్షన్‌లో, డిపాజిట్ మీద కనీసం బ్యాంకు రేటుకు తగ్గకుండా, రాష్ట్ర నియంత్రణ మండలి చెప్పినంత వడ్డీ ఇవ్వాలని రాసింది. కనెక్షన్ వదులుకుంటే డిపాజిట్ తిరిగివ్వాలనీ రాసింది. అందుకే ఏడాదికోసారి మన బిల్లులో డిపాజిట్ వడ్డీ కింద కొంత తగ్గుతుంది. పొలంలో మోటారుకు ఉచితం కాబట్టి మనం బిల్లు జోలికి అంతగా పోం. ఇంటి మీటరుకు మాత్రం ఈ హక్కు ఉంది.

చిత్రం చూడండి. అరువుకి హామీగా పెట్టిన డబ్బుకి మన చట్టం వడ్డీ ఇమ్మంది. సరుకు ఇవ్వకముందే చేరిన డబ్బుకి అక్కడ వడ్డీ ఇమ్మనే చట్టం లేదు. 1993 తీర్పులో చెప్పిన కారణం కూడా అక్కడి వేసవి జమకు వర్తించదు. అక్కడ అరువిచ్చింది కస్టమరే.

ఇదంతా ఇప్పుడెందుకు అంటారా? అదే 47వ సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. ప్రీపెయిడ్ మీటరుకు ఒప్పుకున్నవాళ్ల దగ్గర డిపాజిట్ అడగకూడదు. స్మార్ట్ మీటర్ల పేరుతో దేశమంతా ఆ దారిలోనే పోతోంది. డిపాజిట్ భారం తప్పుతుంది, మంచిదే. దాంతోపాటు డిపాజిట్ మీద చట్టం ఇచ్చిన వడ్డీ కూడా పోతుంది. దాని బదులు రీచార్జి చేసిన డబ్బు ముందే సంస్థ చేతిలో ఉంటుంది. ఒక్కో ఇంటిది మూడొందలో, ఐదొందలో. కోట్ల ఇళ్లు కలిస్తే ఎంతో మీరే లెక్కేసుకోండి. ఆ నిల్వ ఎక్కడ ఉంచుతారు, దేనికి వాడతారు, దాని వడ్డీ ఎవరికి చేరుతుంది అన్న మూడు ప్రశ్నలు మీటరు బిగించేటప్పుడే అడగాలి. ఇంగ్లండువాళ్లు అడగడానికి 28 కంపెనీలు కూలాల్సి వచ్చింది.

మా మేనల్లుడికి మళ్లీ ఫోన్ చేసి, చలికాలానికి సరిపడా ఉంచుకుని మిగతాది వెనక్కి అడగమన్నాను. అడిగాడు. 120 పౌండ్లు ఖాతాలో పడ్డాయట. "వడ్డీ మాత్రం రాలేదు మామయ్యా" అన్నాడు. ఈసారి నవ్వలేదు.

మీరు ఒక పని చేయండి. గూట్లో దోపిన పాత కరెంటు బిల్లులన్నీ బయటికి తీయండి. మీ డిపాజిట్ ఎంత ఉందో, పోయిన ఏడాది దాని మీద వడ్డీ ఎంత తగ్గించారో చూడండి. కనపడకపోతే ఆఫీసుకెళ్లి అడగండి. ఆ రోజుల్లో వంటింటి బల్ల మీద నాణేలు లెక్కపెట్టి చూపించేవాళ్లు. మనకు ఎవరూ చూపించరు, మనమే చూసుకోవాలి.